పారిస్ నచ్చలేదని చెప్పుకోవచ్చా?

ఈసారి శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి చాలా పొడవైనది. దానిని కొంత కుదించి, అదే విషయం మీద ఇతర పాఠకులు పంపిన ప్రశ్నలతో కలిపి ఇస్తున్నాం.

ప్రశ్న: హైస్కూలు రోజుల్లో ఒక క్యాలెండరులో ఈఫిల్ టవర్ బొమ్మ చూసినప్పటి నుంచి పారిస్ వెళ్లాలన్నది నా కోరిక. ఉద్యోగంలో చేరాక ఏళ్ల తరబడి డబ్బు కూడబెట్టుకున్నాను. స్నేహితులెవరికీ సెలవులు కలిసిరాకపోవడంతో చివరికి ఒంటరిగానే బయలుదేరాను. అక్కడ దిగిన రోజు నుంచి సన్నటి వాన వదలలేదు. మోనాలిసా చిత్రం ముందు నిలబడే అవకాశం దొరికింది కొద్ది క్షణాలే. అంతవరకు నా కళ్లకు ఆనింది దానిని ఫొటో తీస్తున్న వందలాది ఫోన్లు మాత్రమే. టవర్ దగ్గరికి వెళితే చుట్టూ అద్దాల గోడ, సోదాలు, బారులు, కీచెయిన్లు కొనమని వెంటపడేవారు. ఒక కెఫేలో నేను ఇంగ్లీషులో ఏదో అడిగితే సర్వర్ మొహం చిట్లించుకున్నాడు. నది ఒడ్డున ఒక అమ్మాయి ఏదో వినతిపత్రం మీద సంతకం చేయమని అట్ట ముందుకు చాపింది. ఆ సందడిలో నా బ్యాగు జిప్ తెరుచుకోవడం అదృష్టవశాత్తు వెంటనే గమనించాను. పగలు ఎలాగో గడిచేది కాని, రాత్రిపూట ఇద్దరు కూర్చునే బల్ల దగ్గర ఒక్కదాన్నే కూర్చుని తినడం భారంగా తోచేది. ఒక రాత్రి హోటల్ గదిలో ఏడ్చాను కూడా. తిరిగి వచ్చాక అందరూ ఆత్రంగా అడుగుతుంటే "అద్భుతంగా ఉంది" అని చెబుతున్నాను. మా పిన్నికి ఒక్కదానికే నిజం చెబితే, దూరపు కొండలు నునుపు అని నవ్వి ఊరుకుంది. లోపం నాలో ఉందా, ఆ నగరంలో ఉందా? ఒంటరిగా వెళ్లి ఉండకూడదా? మరోసారి వెళ్లి చూడాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ మూడు ప్రశ్నల వెనుక మీరు అడగని నాలుగోది ఒకటి ఉంది. ప్రపంచమంతా మెచ్చుకునే ఊరు నచ్చలేదని బయటికి చెప్పుకోవచ్చా అన్నదే మిమ్మల్ని ఎక్కువగా బాధిస్తున్నట్లు తోస్తోంది. నిస్సంకోచంగా చెప్పుకోవచ్చు. ఆ పనిలో పారిస్ వాసులే మీకు ముందున్నారు. టవర్ పునాదుల పని మొదలైన కొద్ది వారాలకే, 1887 ఫిబ్రవరిలో, కథకుడు మొపాసా, అక్కడి ఒపేరా భవనానికి రూపకల్పన చేసిన గార్నియే సహా అనేకమంది రచయితలు, కళాకారులు ఆ ఇనుప కట్టడం తమ నగరాన్ని పాడుచేస్తుందని ఒక దినపత్రికలో బహిరంగ లేఖ ప్రకటించారు. 1889 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన ఆ టవర్‌కు మొదట ఇచ్చిన అనుమతి 20 ఏళ్లకే. రేడియో ప్రసారాలకు పనికి వచ్చింది కనుక బతికిపోయింది. అంటే మీరు క్యాలెండరులో చూసి మురిసిపోయిన బొమ్మ, దాని సొంత ఊరి పెద్దలలో చాలామందికి మొదట్లో కంటగింపుగా ఉన్నదే.

ఇక లోపం ఎక్కడుందన్న ప్రశ్న. పారిస్‌ను మనం ఈనాడు చూస్తున్న రూపంలోకి తెచ్చినవాడు ఓస్మాన్ అనే పాలనాధికారి. మూడవ నెపోలియన్ చక్రవర్తి హయాంలో, 1853 నుంచి 1870 వరకు, ఆయన పాత ఇరుకు సందులను పడగొట్టించి, ఒకే ఎత్తు రాతి భవనాల వరుసల మధ్య తిన్నని వెడల్పైన వీధులు వేయించి, వీలైన చోటల్లా వీధి చివర ఒక స్మారకమో ఒక గుమ్మటమో కంటికి ఆనేలా అమర్చాడు. దూరం నుంచి చూపు సాగేకొద్దీ అందం తెలిసేలా కూర్చిన నగరం అది. మనలాంటి యాత్రికులం చేసే పని దీనికి సరిగ్గా వ్యతిరేకం: ప్రతి కట్టడం పాదాల దగ్గరికి పరుగెత్తి, దాన్ని తాకి, పైకి ఎక్కి, దిగి వస్తాం. టవర్ కింద నిలబడి తల ఎత్తితే కనిపించేది ఇనుప దూలాల అల్లిక. మీ క్యాలెండరులోని టవర్ కావాలంటే దానికి ఒకటి రెండు కిలోమీటర్ల దూరంలో ఉండాలి. ఆ అద్దాల గోడ కూడా మీ ఊహ కాదు. ఉగ్రవాద దాడుల తరువాత భద్రత కోసం కట్టారు, 2018 నుంచి అది అక్కడే ఉంది. పాత ఫొటోలలో అది లేకపోవడం సహజమే కాని, కొత్త ఫొటోలలో కూడా దాన్ని తప్పించి తీస్తారు. ప్రచారచిత్రాలు చేసే మోసమంతా అబద్ధం చెప్పడంలో ఉండదు, చట్రంలోంచి దేనిని బయటికి నెట్టారన్న దానిలో ఉంటుంది.

మోనాలిసా సంగతి మరీ విచిత్రం. పాప్లర్ చెక్క పలక మీద వేసిన ఆ చిత్రం ఎత్తు 77 సెంటీమీటర్లు, వెడల్పు 53 సెంటీమీటర్లు. 1911 ఆగస్టులో పెరూజియా అనే ఇటలీ కార్మికుడు దాన్ని దొంగిలించుకుపోయాక, రెండేళ్లకు పైగా, అది ఫ్లోరెన్స్‌లో దొరికే వరకు, ప్రపంచ పత్రికలన్నీ దాని బొమ్మ ముద్రించాయి. చిత్రం లేని ఖాళీ గోడను చూడటానికి కూడా జనం వచ్చారు. మనం చూడటానికి వెళ్లే కీర్తిలో ఆ దొంగతనం వాటా చిన్నదేమీ కాదు. ఆ చిత్రం ఉన్న లూవ్ర్ మ్యూజియానికి 2024లో దాదాపు 87 లక్షల మంది వచ్చారు, వారిలో అత్యధికులు ఆ ఒక్క గదికి వెళ్లి తీరతారు. ఇది సరైన ఏర్పాటు కాదని ఆ దేశమే ఒప్పుకుంది. 2025 జనవరిలో ఫ్రాన్స్ అధ్యక్షుడు ఆ చిత్రానికి విడిగా ఒక గది, విడిగా ఒక టికెట్ ఏర్పాటు చేస్తామని ప్రకటించారు. అదే ఏడాది జూన్‌లో జనసమ్మర్దంతో విసిగిపోయిన మ్యూజియం ఉద్యోగులు ఒక రోజు పని ఆపేయడంతో తలుపులు కొన్ని గంటలపాటు తెరుచుకోలేదు. అక్కడ పనిచేసేవారే భరించలేనిది మీకు నచ్చకపోవడంలో అభిరుచి లోపం ఏముంది? ఒక్క మాట మాత్రం చెప్పకుండా ఉండలేను. అదే గదిలో, మోనాలిసాకు సరిగ్గా ఎదుటి గోడ మీద, ఇటలీ చిత్రకారుడు వెరొనీసే బైబిలు కథ ఆధారంగా చిత్రించిన కానా పెళ్లి విందు ఉంటుంది. దాదాపు 7 మీటర్ల ఎత్తు, 10 మీటర్ల వెడల్పుతో, ఆ మ్యూజియంలోని చిత్రాలన్నిటిలోకీ పెద్దది అదే. బారులో నిలుచున్నవారంతా దానికి వీపు చూపిస్తూ నిలబడతారు.

సర్వర్ మొహం చిట్లించుకోవడం గురించి కాస్త ఆలోచించవలసింది ఉంది. అక్కడ దుకాణంలోకి గాని, కెఫేలోకి గాని అడుగుపెట్టినవారు ముందు "బోంజూర్" అని పలకరించి ఆ తరువాతే తమ పని చెప్పాలి. పలకరింపు లేకుండా నేరుగా ప్రశ్న అడగడం, ఏ భాషలో అడిగినా, మర్యాద తప్పడం కింద లెక్క. అలాగే, తినడం అయ్యాక కూడా మీరు అడిగే వరకు బిల్లు తీసుకురారు; బిల్లు ముందే తెచ్చి పెడితే లేచి వెళ్లమన్నట్లు ఉంటుందని వారి భావం. తోడు ఉన్న మనిషి ఆ విరామంలో కబుర్లు చెప్పుకుంటాడు. ఒంటరిగా ఉన్న మనిషికి అదే విరామం తనను పట్టించుకోవడం లేదన్న సంకేతంగా తోస్తుంది. అందరు సర్వర్లూ మర్యాదస్తులని నేను అనడం లేదు. విసుగు మొహాలు అక్కడ తక్కువేమీ లేవు. కాని మీరు అవమానంగా లెక్కవేసుకున్న వాటిలో కొన్నయినా నిజానికి ఎవరూ ఎవరినీ అవమానించనివే అయి ఉంటాయి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మీ ఉత్తరాన్ని మళ్లీ చదివి చూడండి. వాన, బారులు, అద్దాల గోడ, ఫోన్లు, జేబుదొంగలు ఇవన్నీ పగటి ఫిర్యాదులు, ఇవి నగరానికి చెందినవి. బల్ల, హోటల్ గది, ఏడుపు రాత్రివి, ఇవి ఒంటరితనానికి చెందినవి. ఈ రెండు పద్దులూ మీరు పారిస్ ఖాతాలోనే రాశారు. అవి విడివిడి పద్దులని గుర్తిస్తే మీ ప్రశ్నలలో సగం తేలిపోతాయి.

ఒంటరితనం అనుభవాన్ని ఎలా మారుస్తుందన్న దాని మీద మనస్తత్వ శాస్త్రజ్ఞులు చేసిన పరిశోధనలు రెండు ఇక్కడ పనికివస్తాయి. 2014లో ఎరికా బూత్‌బీ, ఆమె సహచరులు జరిపిన ప్రయోగాలలో, పక్కనున్న మరొక మనిషి కూడా అదే సమయంలో అదే చాక్లెట్ తింటున్నప్పుడు, ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోకపోయినా, తీయని చాక్లెట్ మరింత రుచిగా, చేదు చాక్లెట్ మరింత అరుచిగా అనిపించింది. తోడు అనేది మంచినీ చెడునూ రెంటినీ పెంచుతుందన్నమాట. 2015లో రెబెకా రాట్నర్, రెబెకా హామిల్టన్ ప్రచురించిన పరిశోధన మరొక కోణం చూపింది: చిత్రకళా ప్రదర్శన వంటి చోటికి ఒంటరిగా వెళితే అంతగా ఆనందించలేమని జనం ముందుగా అనుకుంటారు కాని, తీరా వెళ్లాక ఒంటరిగా వెళ్లినవారి ఆనందం జంటగా వెళ్లినవారి దానికి ఇంచుమించు సమానంగానే ఉంటుంది. నలుగురూ చూసి, పాపం ఎవరూ లేరేమో అనుకుంటారన్న బెరుకే ముందుగా వెనక్కి లాగుతుందని వారి నిర్ధారణ.

ఈ రెంటినీ కలిపి చూస్తే, మీరు ఒంటరిగా వెళ్లడం తప్పనడానికి ఆధారమేమీ లేదు. మ్యూజియంలో, వీధిలో, తోటలో ఒంటరితనం మనకు అడ్డు రాదు, ఒక్కోసారి మేలు కూడా చేస్తుంది. అయితే అది ఒక్క చోట గట్టిగా తగులుతుంది. చిన్న చికాకులను అప్పటికప్పుడు పంచుకుని తేలిక చేసుకునే వీలు ఒంటరి యాత్రికులకు ఉండదు. ఇద్దరు కలిసి బారులో నిలుచుంటే, ఎదుటి మనిషి సెల్ఫీ కర్ర చూసి నవ్వుకుంటారు, వానను తిట్టుకుంటారు, సర్వర్‌ను అనుకరించి ఆ సాయంత్రానికి ఒక వినోదం తయారు చేసుకుంటారు. ఒక్కరే ఉన్నప్పుడు ప్రతి చికాకూ నవ్వుగా మారే దారి లేక అలాగే పేరుకుంటూ వచ్చి, సాయంత్రం బల్ల ముందు కూర్చునే వేళకు మొత్తం ప్రయాణం మీద తీర్పుగా తేలుతుంది. దానికి తోడు అంతకాలం కూడబెట్టిన డబ్బు కళ్ల ముందు మెదులుతుంది. ఇంత ఖర్చు పెట్టి సంతోషంగా లేనేమిటన్న ప్రశ్న ఉన్న కాస్త సంతోషాన్నీ పిండేస్తుంది. మీరు ఏడ్చింది ఆ లెక్క చూసుకునే అయి ఉంటుందని నా అనుమానం. ఆ కన్నీళ్లను బట్టి ఒక నగరానికి మార్కులు వేయడం న్యాయం కాదు, మీకు మీరు వేసుకోవడం అంతకన్నా కాదు.

ఫొటోల సంగతి మీరు ప్రస్తావించలేదు కాని అడగకుండానే చెబుతాను. 2018లో అలిక్సాండ్రా బరాష్ బృందం ప్రచురించిన అధ్యయనం ప్రకారం, తమ జ్ఞాపకం కోసం ఫొటో తీసుకునేవారి కంటే నలుగురికీ చూపించడానికి తీసేవారు ఆ అనుభవాన్ని తక్కువగా ఆనందిస్తారు. చూసేవారు ఏమనుకుంటారో అన్న చింత మధ్యలో దూరుతుంది. తోడు లేనివారు ఫోన్‌నే తోడుగా చేసుకుని ఇంటికి ఎడతెగకుండా బొమ్మలు పంపుతూ ఉంటారు కనుక ఇది వారికి ఎక్కువగా వర్తిస్తుంది.

ఇంటికి వచ్చాక "అద్భుతం" అనడం పెద్ద నేరమేమీ కాదు. వాకిట్లో నిలబడి అడిగేవారికి అంతకన్నా ఎక్కువ అక్కర కూడా ఉండదు. కాని ఆ మాట పదేపదే చెబితే మీరే నమ్మడం మొదలుపెడతారు. 1997లో టెరెన్స్ మిచెల్, లీ థాంప్సన్, మరికొందరు కలిసి యూరప్ యాత్రకు వెళ్లినవారిని, సుదీర్ఘ సైకిల్ యాత్ర చేసినవారిని, సెలవులకు ఇంటికి వెళ్లినవారిని పరిశీలించారు. ప్రయాణానికి ముందు ఊహించిన ఆనందం, ప్రయాణం తరువాత గుర్తున్న ఆనందం, ఈ రెండూ ప్రయాణం జరుగుతున్నప్పుడు వారు స్వయంగా చెప్పిన దానికన్నా ఎక్కువగానే తేలాయి. వాన, అలసట, చిల్లర చికాకులు జ్ఞాపకంలోంచి త్వరగా జారిపోతాయి. కొన్నాళ్లకు మీకు కూడా ఆ ప్రయాణం బాగానే జరిగినట్లు తోచవచ్చు. అందుకే ఇప్పుడే, గుర్తు చెరగకముందే, ఏది బాగాలేదో, ఏది బాగుందో రెండూ కాగితం మీద రాసి పెట్టుకోండి. అంత పొడవైన ఉత్తరంలో నచ్చిన విషయం ఒక్కటీ లేకపోవడం నాకు వింతగా ఉంది. ఒక్కటైనా ఉండే ఉంటుంది. వెళ్లబోయేవారు సలహా అడిగినప్పుడు మాత్రం ఆ కాగితంలో ఉన్నదే చెప్పండి, "అద్భుతం" వారికి ఎందుకూ పనికిరాదు.

మళ్లీ వెళ్లాలా? ఇప్పుడే వద్దు. పంతానికి వెళ్లే ప్రయాణం మొదటి దాని కంటే బరువుగా ఉంటుంది. పారిస్‌ను ప్రేమించి తీరాలన్న బాధ్యత మీ మీద ఎవరూ పెట్టలేదు. ఎప్పుడైనా అటువైపు వెళ్లే పని పడితే, టవర్ నుంచి నోత్రదామ్ చర్చి దాకా నదిని ఆనుకుని ఉన్న నాలుగైదు కిలోమీటర్ల పట్టీని కాస్త పక్కన పెట్టి చూడండి. 105 చదరపు కిలోమీటర్ల నగరంలో యాత్రికుల తొక్కిసలాట ఎక్కువగా ఆ కాస్త మేరకే. తూర్పు పారిస్‌లో పాత రైలు వంతెన మీద 1990లలో వేసిన చెట్ల దారి ఉంది, బాస్తీ దగ్గర మొదలై వాన్సెన్ అడవి వైపు సాగుతుంది. ఇయెనా కూడలిలో గిమే మ్యూజియం ఉంది. ఆసియా కళలకు అంకితమైన ఆ మ్యూజియంలో అమరావతి శిల్పాలు ఉన్నాయి. బుద్ధుడి స్థానంలో ఖాళీ సింహాసనాన్ని మాత్రమే చెక్కి, దాని చుట్టూ మారుడి సేనను నిలిపిన ఒక ఫలకం వాటిలో ఒకటి. దాని ముందు మీరు కావలసినంత సేపు నిలబడవచ్చు, వెనుక నుంచి ఎవరూ తోయరు.

ప్రశ్న: పారిస్ వెళ్లి నిరాశపడినవారికి "పారిస్ సిండ్రోమ్" అనే జబ్బు వస్తుందని నా మిత్రుడు అంటున్నాడు. ఇది నిజమేనా?
– ఒక పాఠకుడు

జవాబు: ఆ పేరు నిజంగానే ఉంది కాని, దాని చుట్టూ అల్లుకున్న కథలు అసలు కంటే చాలా పెద్దవి. పారిస్‌లో పనిచేసిన హిరోఅకి ఓతా అనే జపాన్ మనోవైద్యుడు 1980లలో ఈ మాట వాడటం మొదలుపెట్టి, 1991లో దాని మీద ఒక పుస్తకం కూడా ప్రచురించారు. ఆయన, సహ వైద్యులు కలిసి 2004లో ఒక ఫ్రెంచ్ మనోవైద్య పత్రికలో రాసిన వ్యాసంలో 1988 నుంచి ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చిన 63 మంది జపాన్ రోగుల వివరాలు ఉన్నాయి. పదహారేళ్లలో అంతమంది. ఆ కాలంలో పారిస్‌కు వచ్చిన జపాన్ యాత్రికుల సంఖ్యతో పోలిస్తే ఇది లెక్కలోకి రానంత స్వల్పం. పైగా వారిలో కొందరికి అంతకుముందే మానసిక సమస్యలు ఉన్నాయి. భాష తెలియకపోవడం, అలవాటులేని ప్రవర్తనా పద్ధతులు, తీవ్రమైన అలసట, ఊహకూ వాస్తవానికీ ఉన్న దూరం కలిసి వారిని కుదిపాయని వైద్యులు భావించారు. వ్యాధుల అధికారిక వర్గీకరణలలో దీనికి చోటు లేదు. దీనికి తోబుట్టువు లాంటిది ఇటలీలో ఉంది: 1817లో ఫ్లోరెన్స్ చర్చిలో చిత్రాలను చూసి గుండె దడతో బయటికి వచ్చిన ఫ్రెంచ్ రచయిత స్తాందాల్ పేరును, అందాన్ని భరించలేక కుప్పకూలే యాత్రికుల లక్షణాలకు గ్రాజియెల్లా మగెరీని అనే మనోవైద్యురాలు పెట్టారు. ఒకటి అందం ఎక్కువై, ఒకటి తక్కువై! సామాన్యులమైన మనకు వచ్చేది వట్టి నిరాశే; నిద్ర, భోజనం సరిగా ఉంటే తగ్గిపోతుంది. ప్రయాణంలో భ్రమలు కలగడం, ఎవరో వెంటాడుతున్నారన్న భయం, ఆగని గుండెదడ వంటివి కనిపిస్తే మాత్రం దానిని నిరాశ అనుకుని ఊరుకోకుండా వైద్యుడిని చూడాలి.

ప్రశ్న: డిసెంబరులో ఒంటరిగా పారిస్ వెళ్లడానికి టికెట్లు తీసుకున్నాను. వెళ్లి వచ్చినవారి నిరాశ కథలు విన్నాక భయం పట్టుకుంది. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
– మరొక పాఠకురాలు

జవాబు: మీ ప్రయాణంలో అసలు కష్టం సాయంత్రాలు. డిసెంబరులో అక్కడ ఉదయం 8 గంటలు దాటి చాలాసేపయ్యాక గాని తెల్లవారదు, సాయంత్రం 5 గంటలకు ముందే పొద్దు గూకుతుంది. జూన్‌లో రాత్రి 10 గంటల దాకా వెలుతురు ఉండే ఆ ఊరే చలికాలంలో ఒంటరి మనిషిని 5 గంటలకు హోటల్ గదికి తరుముతుంది. కాబట్టి పగటి కార్యక్రమం కంటే ముందు సాయంత్రాలకు ఏర్పాటు చేసుకోండి. లూవ్ర్ బుధ, శుక్రవారాల్లో రాత్రి 9 వరకు, ఓర్సే మ్యూజియం గురువారం రాత్రి 9.45 వరకు తెరిచి ఉంటాయి. పగటి గుంపులు సద్దుమణిగాక ఆ గదులలో తిరగడం వేరే అనుభవం. మంగళవారం లూవ్ర్‌కు, సోమవారం ఓర్సేకు సెలవు. డిసెంబరు 25న రెండూ మూసి ఉంటాయి. ఈ సంగతి తెలియక తలుపు దగ్గరి దాకా వెళ్లి వెనుదిరిగేవారు ఎందరో. చర్చిలలో జరిగే సంగీత కచేరీలు కూడా ఒంటరిగా వెళ్లడానికి ఎంతో అనువైనవి. అందరూ మౌనంగా ముందుకే చూస్తూ కూర్చునే చోట తోడు లేని సంగతి ఎవరికీ పట్టదు.

భోజనం విషయంలో పెద్ద పూటను మధ్యాహ్నానికి మార్చండి. చాలా రెస్టారెంట్లలో మధ్యాహ్నం ఉండే నిర్ణీత ధర భోజనం రాత్రి కంటే చౌక. ఆ వేళ ఒంటరిగా తినే ఉద్యోగులు చుట్టూ కనిపిస్తారు కనుక బెరుకు కూడా ఉండదు. మధ్యాహ్నం రెండున్నర దాటితే చాలా వంటిళ్లు మూతపడి మళ్లీ రాత్రి 7 గంటలకు గాని తెరుచుకోవని గుర్తుంచుకోండి. కుళాయి నీళ్ల కూజా అడిగితే డబ్బు తీసుకోకుండా ఇస్తారు. సేవా రుసుము ధరలోనే కలిసి ఉంటుంది. కెఫేలో కౌంటరు దగ్గర నిలబడి తాగే కాఫీ, బల్ల దగ్గర కూర్చుని తాగే దాని కంటే తక్కువకు వస్తుంది. బస దగ్గరలో ఒకే బేకరీకి రోజూ ఉదయం ఒకే వేళకు వెళ్లండి. కొద్ది రోజులకే అక్కడివారు మీ మొహం గుర్తుపట్టి తల ఊపుతారు. తెలియని ఊరిలో ఒక్కరైనా గుర్తుపట్టడం ఎంత ఊరటో ఒంటరిగా తిరిగినవారికి తెలుసు.

అన్నిటికన్నా ఎక్కువ ఆశ పెట్టుకున్న దానిని మొదటి రోజు పెట్టుకోకండి. విమాన ప్రయాణపు అలసటతో, సరిగా నిద్రలేని కళ్లతో చూస్తే ఏ కట్టడమూ బాగుండదు. మొదటి రోజు ఖర్చు లేనివి, తప్పిపోయినా బాధ లేనివి చూడండి. నగర చరిత్రను చెప్పే కార్నవాలే మ్యూజియంలోనూ, పెతి పలే అనే కళా మ్యూజియంలోనూ శాశ్వత ప్రదర్శనలకు టికెట్ లేదు. 2019 ఏప్రిల్ మంటలలో దెబ్బతిని, 2024 డిసెంబరులో తిరిగి తెరుచుకున్న నోత్రదామ్ లోపలికి వెళ్లడానికి కూడా రుసుము లేదు. చిత్రకారుడు మొనే వేసిన కలువపూల చిత్రాలున్న ఓరాంజరీ మ్యూజియంలోని రెండు అండాకారపు గదులకు మాత్రం ఉదయం తెరిచే వేళకే టికెట్ తీసుకోండి. ఆ గదులలో జనం పలచగా ఉన్నప్పుడు కూర్చోవడానికీ, కిక్కిరిసినప్పుడు కూర్చోవడానికీ పోలికే లేదు.

సంతకం అడిగే అట్టలు, సాక్రె-కర్ చర్చి మెట్ల దగ్గర చేతికి దారం కట్టబోయేవారు, నేల మీద "దొరికిన" బంగారు ఉంగరం చూపించేవారు, బంతి ఏ గిన్నె కింద ఉందో చెప్పమని పందెం కాయించే మూడు గిన్నెల ఆట, వీటన్నిటికీ మందు ఒక్కటే: ఆగకుండా, జవాబు చెప్పకుండా నడిచిపోవడం. మర్యాద కోసం ఆగేవారే వారి వలలో పడతారు. ఫోన్‌ను మెట్రో తలుపు పక్కన చేతిలో పట్టుకుని నిలబడకండి.

ప్రశ్న: మా అమ్మాయి సొంత సంపాదనతో ఒంటరిగా పారిస్ వెళ్లి వచ్చింది. ఎంత అడిగినా ప్రయాణం గురించి మాట్లాడదు. అంత డబ్బు వృథా అయిందేమోనని నాకు బాధగా ఉంది.
– ఒక తండ్రి

జవాబు: డబ్బు మాట ఆమె ముందు ఎత్తకండి. ఆ లెక్క ఆమె మీకన్నా ఎక్కువసార్లు వేసుకుని ఉంటుంది. "ఎలా ఉంది?" అని అడిగితే బాగుందనో బాగాలేదనో తీర్పు చెప్పవలసి వస్తుంది, దానికి ఆమె సిద్ధంగా లేదేమో. ఏ వీధిలో బస చేసింది, ఎక్కడ దారి తప్పింది, ఏ పూట ఏమి తిన్నది, ఎవరు సాయం చేశారు వంటి చిన్న చిన్న విషయాలు అడగండి. చెప్పుకుంటూ పోతే మిగతాది తనంతట తానే బయటికి వస్తుంది. రాకపోయినా వదిలేయండి.

ప్రశ్న: బారులో నిలబడే ఓపిక లేదు, పైకి ఎక్కాలన్న కోరికా లేదు. ఈఫిల్ టవర్‌ను బాగా చూడటానికి మంచి చోటు ఏది?
– ఒక పాఠకుడు

జవాబు: మెట్రో 6వ లైనులో నాసియోన్ వైపు వెళ్లే రైలు ఎక్కి, ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి. పాసీ స్టేషన్ దాటగానే రైలు వంతెన మీదుగా సేన్ నదిని దాటుతుంది. 330 మీటర్ల టవర్ అడుగు నుంచి కొన దాకా ఎడమ పక్కన కనిపిస్తుంది. దృశ్యం ఉండేది ఒక నిమిషం లోపే. చాలదనుకుంటే తరువాతి స్టేషన్ బీర్ హకీమ్‌లో దిగి, అదే వంతెన మీద కాలినడకన వెనక్కి రావచ్చు. చీకటి పడిన తరువాత వెళితే గంట కొట్టే వేళకు అక్కడ ఉండేలా చూసుకోండి. ప్రతి గంట మొదట్లో 5 నిమిషాలపాటు దాని దీపాలు మిలమిలలాడతాయి.